కచ్‌కు బదిలీ అయింది. పడమటి ఎడారి నేల గురించి తెలిసినవారు చెప్పండి

కోనసీమ అమ్మాయి
మే 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాకు గుజరాత్‌లో కచ్ జిల్లా కేంద్రమైన భుజ్‌కు బదిలీ అయింది. వచ్చే నెల మొదటి వారంలో చేరాలి. నేను పుట్టిందీ పెరిగిందీ కాలువ గట్టు మీద. మా పెరట్లో పది అడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. వానాకాలంలో వీధి అరుగు దాకా నీరు వస్తుంది. అలాంటి నేను కచ్‌కు వెళుతున్నానని తెలిసినప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. ఆఫీసులో పెద్దవారు ఒకరు "అక్కడ ఏముంది, ఉప్పూ దుమ్మూ తప్ప" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. వేల ఏళ్ళుగా మనుషులు కాపురాలు చేస్తున్న చోట ఏమీ లేకుండా ఎలా ఉంటుంది?

వెళ్ళేలోపు ఆ నేలను కొంతైనా తెలుసుకోవాలని ఉంది. కచ్ గురించే కాదు, రాజస్థాన్ పడమటి జిల్లాలలో ఉన్నవారు, తిరిగినవారు ఎవరైనా రాయండి.

భూగోళం మాస్టారు
మే 10, ఉదయం 6:05

అమ్మాయీ, ముందు మీ అమ్మగారిని ధైర్యంగా ఉండమని చెప్పండి. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "కచ్ పక్కనే సముద్రం ఉంది కదా మాస్టారూ, మరి వాన ఎందుకు పడదు?" అక్కడి నుంచే మొదలుపెడతాను.

తేమ ఉన్నంత మాత్రాన వాన పడదు. ఆ తేమను మోసే గాలి పైకి లేవాలి, చల్లబడాలి. నైరుతి గాలికి పడమటి కనుమలు గోడలా అడ్డం నిలబడ్డాయి కాబట్టి కొంకణంలో కుండపోతగా కురుస్తుంది. కచ్‌కు అలాంటి గోడ లేదు. ఆరావళి కొండలు ఉన్నాయిగా అంటారు. ఆరావళి నైరుతి నుంచి ఈశాన్యానికి సాగింది. గాలి వీచేదీ అటే. ఇక కొండకు గాలిని ఆపే వీలెక్కడిది? పక్కపక్కనే రాసుకుంటూ వెళ్ళిపోతుంది. ఎక్కడైతే కొండ ఒక్కసారిగా ఎత్తు పెరిగిందో అక్కడ మాత్రం వాన దంచుతుంది. మౌంట్ ఆబూ అందుకు సాక్ష్యం. అక్కడి గురుశిఖర్ ఎత్తు 1,722 మీటర్లు. బంగాళాఖాతం నుంచి గంగా మైదానం మీదుగా వచ్చే రుతుపవన శాఖ థార్ ఎడారికి చేరేసరికి తన తేమనంతా దారిలోనే ఇచ్చేసి వస్తుంది. పైగా పడమటి నుంచి వచ్చే పొడిగాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. అందుకే జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికీ 200 మిల్లీమీటర్ల లోపే. కచ్‌లో దానికి రెట్టింపుకు అటూ ఇటూ పడుతుంది కానీ ఒక ఏడు ముంచుతుంది, మూడేళ్ళు ముఖం చాటేస్తుంది.

ఇక కచ్ రూపం. జిల్లా విస్తీర్ణం 45,674 చదరపు కిలోమీటర్లు, దేశంలోని జిల్లాలన్నిటిలో పెద్దది. పటంలో చూస్తే తాబేలు వెల్లకిలా పడుకున్నట్టు ఉంటుంది. కచ్ఛపం నుంచే ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఉత్తరాన పెద్ద రణ్, తూర్పున చిన్న రణ్, దక్షిణాన కచ్ సింధుశాఖ, అంటే లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం, పడమట అరేబియా సముద్రం. రణ్ అన్న మాటకు మూలం సంస్కృతంలోని ఇరిణం, అంటే చవిటి నేల. మన కోస్తాలో పర్ర అంటామే, దాన్ని వేల చదరపు కిలోమీటర్లకు పెంచి ఊహించుకోండి. వానాకాలంలో గాలి తోసిన సముద్రపు నీరు, లూణీ, బనాస్ నదుల నీరు అందులో చేరి మోకాలి లోతున నిలుస్తాయి. అప్పుడు కచ్ దాదాపు ఒక దీవి. దీపావళి దాటాక నీరు ఎండి తెల్లని ఉప్పు పొర మిగులుతుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆ నేల కదులుతుంది. 1819 భూకంపంలో రణ్ ఉత్తరాన నేల గట్టులా పైకి లేచింది. మనిషి కట్టనిది కాబట్టి దాన్ని అల్లా బంద్ అన్నారు. సింధు నది పాయ అటునుంచి కచ్‌కు రావడం తగ్గిపోయింది. ఆ నీటితో ఒకప్పుడు వరి పండిన లఖ్‌పత్ ప్రాంతం బీడైంది, రేవు పట్నం ఖాళీ అయింది. కిలోమీటర్ల పొడవున కోటగోడ ఇప్పటికీ నిలిచే ఉంది, లోపల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గురునానక్ బస చేశాడని చెప్పే గురుద్వారా అక్కడే ఉంది. తప్పకుండా చూడండి.

అనంత మేఘం
మే 10, ఉదయం 8:40

మాస్టారూ, నమస్కారం. మా అనంతపురాన్ని దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అని చెబుతుంటారు. మాకు పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. దానికే వేరుశనగ ఎండి, ఊళ్ళకు ఊళ్ళు బెంగళూరు వలస వెళ్తున్నాయి. అందులో సగం కూడా పడని చోట పల్లెలు ఎలా నిలిచాయి? ఇది నాకు పుస్తకంలో ప్రశ్న కాదు, ఇంటి ప్రశ్న. తెలిసినవారు వివరంగా చెప్పండి.

మరుభూమి బాటసారి
మే 10, రాత్రి 10:15

అనంత మేఘం గారూ, సర్వే పనిమీద ఆరేళ్ళు బార్మేర్, జైసల్మేర్ జిల్లాల్లో తిరిగాను. మీ ప్రశ్నకు అక్కడివారి మాటల్లోనే జవాబు ఉంది. మనం నీళ్ళన్నిటినీ నీళ్ళు అనే అంటాం. వారు మూడు పేర్లు పెట్టారు. ఆకాశం నుంచి పడి, నేల మీద దొరికేది పాలర్ పానీ. లోతు బావిలో దొరికేది పాతాళ్ పానీ, అది చాలా చోట్ల ఉప్పు కషాయం. ఈ రెంటికీ మధ్య, ఇసుకలోకి ఇంకి, కింద ఉప్పునీటిని తాకకుండా ఆగిన తేమ రేజాణీ పానీ. ఆ మూడో పేరు పెట్టగలిగిన వాళ్ళు కాబట్టే ఆ పల్లెలు నిలిచాయని నా నమ్మకం.

రేజాణీ నీరు అన్నిచోట్లా ఉండదు. ఇసుక కింద జిప్సం, సుద్దరాయి పట్టీ ఉన్న చోటే ఉంటుంది. ఆ పట్టీ వాన నీటిని కిందికి జారనివ్వదు. దాన్ని అందుకోవడానికి తవ్వేది కుంయీ. మనిషి ముడుచుకుని కూర్చుంటే పట్టేంత వెడల్పు, తాటిచెట్టంత లోతు. నేను వంగి చూసిన కుంయీలో అడుగున పళ్ళెమంత మెరుపు కనిపించింది, అంతే. ఇసుక రేణువుల మధ్య తేమ రాత్రంతా చెమటలా ఊరి, తెల్లారేసరికి రెండు మూడు కుండలవుతుంది. మూతి సన్నగా ఎందుకంటే, వెడల్పు చేస్తే ఆ కొద్ది నీరూ పరుచుకుని ఆవిరవుతుంది, కుండ ముంచడానికి కూడా అందదు. తవ్వేటప్పుడు లోపల ఉక్క భరించలేనంత ఉంటుంది. పైనున్నవారు గుప్పెడు గుప్పెడు ఇసుకను గట్టిగా కిందికి విసిరేవారట, దాంతోపాటు చల్లగాలి దిగుతుందని. లోపలివాడు తలమీద లోహపు గిన్నె బోర్లించుకునేవాడు.

ఇంటి ముందు నేలలో గుండ్రటి తొట్టె ఉంటుంది, టాంకా. చుట్టూ నేలను వాలుగా చదును చేసి, ఆ వాలు మీద చెప్పులు వేసుకుని నడవనివ్వరు. నేను తెలియక అడుగుపెడితే ఎనిమిదేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చి నన్ను పక్కకు లాగింది. జైసల్మేర్ దగ్గర ఖడీన్ అని మరొకటి. రాతి నేల మీద పడిన వానను పల్లంలో కట్ట వేసి ఆపుతారు. నీరు ఇంకాక ఆ తడిలోనే గోధుమ, శనగ చల్లుతారు. ఆ తరువాత కోతదాకా చుక్క నీరు పెట్టే పని లేదు. పదిహేనో శతాబ్దం నుంచి పాలీవాల్ బ్రాహ్మణులు ఈ పద్ధతిలో పండించారు. పర్యాటకులు వెళ్ళి దయ్యాల కథలు వింటారే, ఆ కుల్‌ధరా వారి ఊరే. దయ్యాల మాట పక్కన పెట్టి, ఊరి వెనక ఉన్న ఖడీన్ చూడమని నేను అందరికీ చెబుతుంటాను.

పొగుడుతూ పోతే సగం నిజమే చెప్పినట్టు. 2006 ఆగస్టులో బార్మేర్‌లో కొద్ది రోజుల్లోనే ఏడాదికి పడాల్సిన దానికి మించి కురిసింది. కవాస్ చుట్టుపక్కల ఊళ్ళు మునిగాయి, ఎందరో చనిపోయారు. కుంయీకి నీళ్ళిచ్చే అదే జిప్సం పొర వరద నీటిని ఇంకనివ్వలేదు. నెలల తరబడి ఎడారిలో చెరువులు నిలిచాయి.

సూరత్ నేతన్న
మే 11, మధ్యాహ్నం 1:30

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క సవరణ. పడమర అంటే ఎడారి ఒక్కటే అనుకోకండి. మా సూరత్ పక్కన తాపీ నది నిండుగా ఉంటుంది, డాంగ్స్ అడవుల్లో వర్షాకాలం కాలు పెట్టలేం. మా తాతగారు కరీంనగర్ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చారు. లింబాయత్‌లో తెలుగు మాట వినపడని వీధి తక్కువ. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అమ్మాయీ, భుజ్‌లో బెంగ అనిపిస్తే రైలెక్కి మా ఇంటికి రండి. బతుకమ్మ నాడు అయితే మరీ మంచిది.

పెడన అద్దకం
మే 11, రాత్రి 8:50

భుజ్ అనగానే నాకు అజ్రఖ్‌పూర్ గుర్తుకొస్తుంది. అజ్రఖ్ అంటే కచ్‌లోని అచ్చు అద్దకం. మాది మూడు తరాలుగా అచ్చు అద్దకం పని. మచిలీపట్నం కలంకారీ తెలిసినవాడు అజ్రఖ్ కార్ఖానాలో అడుగు పెడితే, మాట తెలియకపోయినా పని తెలుస్తుంది. మేమూ బట్టను కరక్కాయలో ముంచుతాం, వారూ ముంచుతారు. మేమూ తుప్పు ఇనుమూ బెల్లమూ కుండలో నానబెట్టి నలుపు తీస్తాం, వారూ అంతే. పటికతో ఎరుపు పట్టించడమూ ఒకటే. తేడా ఎక్కడంటే, వారు మొదట బట్టను ఆముదం, సోడా, ఒంటె పేడ కలిపిన నీటిలో తడిపి మూటకట్టి ఉంచుతారు. బట్టకు రెండు వైపులా అచ్చు కలిసేలా అద్దుతారు. నీలి మందు తొట్టెలో ముంచి తీసిన బట్ట మొదట పచ్చగా ఉండి, గాలి తగులుతున్నకొద్దీ కళ్ళముందే నీలంగా తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడే నిలబడిపోతాను.

మాకు కాలువ ఉంది. పారే నీటిలో బట్ట జాడిస్తాం. వారి పాత ఊరు ధమడ్కా. 2001 జనవరి 26 భూకంపంలో ఊరు నేలమట్టమైంది. ఆ తరువాత అక్కడి నీటిలో ఇనుము పెరిగి, రంగులు మసకబారాయి. ఇనుము నలుపు ఇస్తుందని ఇందాకే చెప్పాను కదా, అన్ని రంగుల్లోనూ ఇనుము చేరితే ఇక ఎరుపు ఎక్కడ మిగులుతుంది? ఈ అద్దకం చేసే ఖత్రీ కుటుంబాలు చాలా భుజ్ దగ్గర స్థలం కొని, మంచి నీరు చూసుకుని, అజ్రఖ్‌పూర్ అని కొత్త ఊరు కట్టుకున్నాయి. నీటి కోసం పొలం మారిన రైతును విన్నాం. రంగు కోసం ఊరు మారిన వారు వీరు. వారంటే నాకు చాలా గౌరవం.

శమీవృక్షం
మే 12, ఉదయం 7:10

నేను చెప్పేది ఒకే ఒక్క చెట్టు గురించి. మారువాడీ భోజనంలో కేర్ సాంగరీ కూర ప్రసిద్ధం. ఆ సాంగరీ ఏమిటో తెలుసా? మన జమ్మి కాయలు. రాజస్థాన్‌లో ఖేజ్‌డీ, గుజరాతీలో ఖీజడో, మనకు జమ్మి. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఇదే. మనం దసరా నాడు ఆకు తెంపి బంగారమని చేతిలో పెట్టి, మళ్ళీ ఏడాది దాకా ఆ చెట్టు వంక చూడం. అక్కడ లేత కాయ కూర, ఆకు మేకలకు మేత, నీడ కింద సజ్జ చేను. వేళ్ళు ఎంతో లోతుకు వెళ్ళడం వల్ల మండు వేసవిలోనూ పచ్చగా ఉంటుంది. కరువు ఏట ఊరిని బతికించే చెట్టు.

1730లో జోధ్‌పూర్ రాజు కొత్త కట్టడానికి సున్నం కాల్చాలని ఖేజడ్‌లీ గ్రామానికి మనుషులను పంపాడు. చెట్లు నరకడానికి వస్తే చెట్టు నరకడం పాపమని నమ్మే బిష్ణోయి శాఖకు చెందిన అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును వాటేసుకుంది. ఆమెతో మొదలై 363 మంది ప్రాణాలిచ్చారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

కాలువ కింద రైతు
మే 12, సాయంత్రం 5:45

బాటసారి గారూ, టాంకాలూ కుంయీలూ గొప్పవే. కానీ రెండు కుండల నీటి కోసం ఆడవాళ్ళు తెల్లవారుజామున లేచి మైళ్ళు నడిచిన రోజులను మరవకూడదు. 1958లో పని మొదలైన రాజస్థాన్ కాలువ, ఇప్పుడు ఇందిరాగాంధీ కాలువ, పంజాబ్‌లోని హరికే నుంచి 649 కిలోమీటర్లు నడిచి జైసల్మేర్ దాకా హిమాలయ నీటిని తెచ్చింది. గంగానగర్, హనుమాన్‌గఢ్‌లలో గోధుమ, పత్తి చూసి నేను ఆశ్చర్యపోయాను. పాత పద్ధతిని పొగడటం సులువు, కష్టం ఆ నీళ్ళు మోసిన నడుముకే తెలుస్తుంది.

మరుభూమి బాటసారి
మే 12, రాత్రి 9:30

మీ మాటను కాదనను. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చిన రోజున ఒక ముసలమ్మ కుళాయికి బొట్టు పెట్టడం నేను స్వయంగా చూశాను. అయితే ఆ హనుమాన్‌గఢ్‌లోనే సేమ్ అన్న మాట కూడా విన్నాను. కాలువ నీరు కింది గట్టి పొర మీద నిలిచి, పైకి ఉబికి, పొలం ఊటపట్టి ఉప్పు తేలుతుంది. కొన్ని ఊళ్ళలో ఇళ్ళ పునాదులు కుంగాయి. నీరు తెచ్చేటప్పుడు పోయే దారి కూడా చూడాలి కదా. కాలువ వద్దని కాదు. కాలువ వచ్చిందని టాంకాలో మట్టి నింపుకున్న ఊళ్ళు, కాలువకు గండి పడిన వారం ఏమి తాగాయో చూశాను కాబట్టి చెబుతున్నాను.

కాలువ కింద రైతు
మే 12, రాత్రి 10:05

ఊటపట్టిన పొలం సంగతి గోదావరి డెల్టా రైతుగా నాకూ తెలుసు. ఆ మాట ఒప్పుకుంటాను.

శమీవృక్షం
మే 13, ఉదయం 6:50

మంచి ఉద్దేశంతో చేసిన పని ఎదురుతిరగడం అంటే కచ్‌లోని బన్నీ గడ్డిభూమి గుర్తుకొచ్చింది. ఆసియాలోని పెద్ద పచ్చికబయళ్ళలో అదొకటి. అక్కడి గేదెలు వేసవిలో పగలు నీడన ఉండి, రాత్రిపూట తమంతట తామే మేతకు వెళ్ళి, తెల్లవారి పాలు పిండే వేళకు ఇంటికొస్తాయి. 1960లలో రణ్ ఉప్పు ముందుకు రాకుండా అటవీ శాఖ సర్కారు తుమ్మ నాటించింది. మన ఊళ్ళ చెరువు గట్లన్నీ మింగేసిన తుమ్మే. పశువులు కాయ తిని, పేడలో గింజ వేసి, ఆ ముళ్ళకంప గడ్డిని కమ్మేసింది. కచ్‌లో దాన్ని గాండో బావళ్ అంటారు, పిచ్చి తుమ్మ అని. జమ్మికి దగ్గరి చుట్టమే, గుణం మాత్రం వేరు.

స్వరలహరి
మే 13, రాత్రి 11:00

పాట లేకుండా ఆ నేల గురించి ముగించకండి. బార్మేర్, జైసల్మేర్ ఊళ్ళలో మాంగణియార్లు ఉంటారు. ముస్లిములు. తరతరాలుగా రాజపుత్రుల ఇళ్ళలో పుట్టుకకూ పెళ్ళికీ వారే పాడాలి, యజమానుల వంశావళి వారి నోటిలోనే ఉంటుంది. కృష్ణుడి మీద పాడతారు, సూఫీల మీద పాడతారు. కమాయిచా అన్న వాద్యం మామిడి కర్రను తొలిచి, మీద మేక తోలు బిగించి చేస్తారు. దాని నాదం సారంగిలా సన్నగా ఉండదు, ముసలివారి గొంతులో ఉండే జీరలాంటిది. జానపద పరిశోధకులు కోమల్ కోఠారీ గారు 1960లో బోరూందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్‌ను మొదలుపెట్టి ఈ పాటలను రికార్డు చేయకపోతే ప్రపంచానికి వీరు తెలిసేవారు కారు. ఒక పెద్దాయనను నేను అడిగాను, కరువు ఏట యజమాని ఏమీ ఇవ్వలేకపోతే ఏం చేస్తారని. "పాడి వస్తాం. వాన పడ్డ ఏడు ఆయనే గుర్తు పెట్టుకుని ఇస్తాడు" అన్నారు.

కోనసీమ అమ్మాయి
మే 14, రాత్రి 9:00

ఇన్ని విషయాలు రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అన్నీ అమ్మకు చదివి వినిపించాను. గేదెలు రాత్రి మేతకు వెళ్ళి వాటంతట అవే వస్తాయంటే అమ్మ మొదటిసారి నవ్వింది. వేడి గురించి కొంచెం భయం ఉంది. ఏమి తీసుకెళ్ళాలి?

భూగోళం మాస్టారు
మే 15, ఉదయం 6:00

దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత రాజస్థాన్‌లోని ఫలోదీది, 2016 మే 19న 51 డిగ్రీలు. భుజ్ అంత కాదు, సముద్రపు గాలి సాయంత్రం ఊరట ఇస్తుంది. నూలు బట్టలు, తలకు చుట్టుకునే పలుచని దుప్పటా పట్టుకెళ్ళండి. చలికాలానికి శాలువ కూడా, రాత్రుళ్ళు బాగా చల్లబడతాయి. మన గడియారం ఒకటే అయినా సూర్యుడు ఒకటి కాదు. భుజ్‌లో సూర్యోదయం విశాఖ కంటే దాదాపు గంట ఆలస్యం. సాయంత్రం ఏడున్నరకు కూడా వెలుతురు ఉంటే కంగారు పడకండి.

మడ అడవులు చూడాలంటే కోరింగ దాకా రానక్కర్లేదు, కచ్ తీరంలోనూ ఉన్నాయి. ఖారాయి ఒంటెలు సముద్రపు పాయల్లో ఈదుకుంటూ వెళ్ళి ఆ మడ ఆకు మేస్తాయి.

కోనసీమ అమ్మాయి
జూలై 2, రాత్రి 9:45

నేను భుజ్‌లో ఉన్నాను. ఇక్కడ ఆషాఢ శుద్ధ విదియ నాడు కచ్ఛీల కొత్త సంవత్సరం, ఆషాఢీ బీజ్. మనకు ఉగాది వేపపూతతో వస్తే వీరికి తొలి మబ్బుతో వస్తుంది. ఊరి మధ్య హమీర్‌సర్ చెరువు ఉంది. అది నిండి అలుగు పారితే ఊరికి సెలవు ప్రకటిస్తారట, మేఘ లడ్డూలు పంచుతారట. మా పక్కింటి పెద్దావిడ, అందరూ ఆమెను బా అంటారు, వాన పడిన ప్రతి సాయంత్రం చెరువు మెట్లు ఎన్ని మునిగాయో చూడటానికి నడిచి వెళుతుంది. నన్నూ తీసుకెళ్ళింది. మా ఊళ్ళో చెరువు నిండితే భయపడతాం బా అని వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆవిడకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

ఒక ఆదివారం బన్నీ వైపు వెళ్ళి భూంగా ఇళ్ళు చూశాను. గుండ్రటి మట్టి గోడ, మీద గడ్డి గొడుగు. బయట నేల చెప్పుల్లోంచి కాలుతుంటే లోపల చల్లగా ఉంది. గోడ నిండా మట్టితో ముగ్గుల్లాంటి తీగలు, మధ్య అద్దం ముక్కలు. 2001లో చుట్టూ సిమెంటు ఇళ్ళు కూలినా గట్టిగా కట్టిన భూంగాలు నిలబడ్డాయని ఆ ఇంటివారు చెప్పారు. గుండ్రటి గోడకు మూల ఉండదు కదా, చీలడానికి.

పెడన అద్దకం
జూలై 3, ఉదయం 10:20

అజ్రఖ్‌పూర్ వెళ్ళారా?

కోనసీమ అమ్మాయి
జూలై 3, రాత్రి 8:30

వెళ్ళాను. నీలి తొట్టె దగ్గర నిలబడిపోయాను, మీరు చెప్పినట్టే. అమ్మకు ఒక చీర పంపాను.

కోనసీమ అమ్మాయి
దసరా మర్నాడు, రాత్రి 9:10

శమీవృక్షం గారికి ఈ మాట చెప్పాలి. నిన్న జమ్మి ఆకు ఎక్కడ దొరుకుతుందని బాను అడిగాను. పేరు తెలియక ఫోనులో బొమ్మ చూపించాను. "ఖీజడో!" అని నా చెయ్యి పట్టుకుని వీధి చివరకు తీసుకెళ్ళింది. నాలుగు నెలలుగా రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలోనే ఉంది ఆ చెట్టు, నేనే గుర్తుపట్టలేదు. రెండు రెమ్మలు తెంపి ఒకటి బా చేతిలో పెట్టి, మా వైపు దీన్ని బంగారం అంటామని చెప్పాను. ఆవిడ ఆ ఆకును కొంగున ముడి వేసుకుంది. వైశాఖంలో కాయ వస్తుందట. అప్పటిదాకా బదిలీ చేయించుకుని వెళ్ళిపోకు, కూర ఎలా చెయ్యాలో నేర్పుతాను అంది.